గల్లగురిగిలో తగ్గిన ఏడు వందలు

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. బాబుకు పదకొండేళ్లు, పాపకు తొమ్మిది. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ చూడాలని బాబు రెండేళ్ల నుంచి మా ప్రాణం తీస్తున్నాడు. "నువ్వు కొంత జమ చెయ్యి, మిగతాది మేం వేస్తాం" అని వినాయక చవితి నాడు తాళం ఉన్న గల్లగురిగి కొనిచ్చాం. దసరాకు మేనమామలు చేతిలో పెట్టినవి కూడా కలిపి 1,800 అయ్యాయి. పోయిన వారం లెక్కపెడితే 1,100 ఉన్నాయి. తాళంచెవి నా దగ్గరే ఉంది. చీపురు పుల్లలు రెండు పెట్టి నోట్లు లాగాడట! గల్లీలో బెట్ మ్యాచ్‌లు ఆడి 400 పోగొట్టాడు, మిగతావి బ్యాట్ గ్రిప్పుకూ సమోసాలకూ అయిపోయాయి. మా ఆయనేమో "చిన్నపిల్లలకు ఈ లెక్కలన్నీ ఎందుకు, టికెట్లు నేనే కొంటా" అంటున్నారు. పాప రూపాయి ఖర్చు పెట్టదు, మ్యాచ్ కూడా వద్దంటుంది. ఆ 700 నేను మళ్లీ వేసేయాలా, మ్యాచే రద్దు చేయాలా?

సమాధానం:

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు.

రెండూ వద్దు. 700 వేయకు, మ్యాచ్ రద్దు చేయకు. ముందు ఒకటి ఒప్పుకుందాం, రెండు చీపురు పుల్లలతో గల్లగురిగిలోంచి నోట్లు లాగినవాడికి ఓపిక లేదని మాత్రం అనలేం. వాడికి లేనిది వేరే ఉంది, ఎంత జమ చేయాలో వాడికెవరూ చెప్పలేదు. "కొంత జమ చెయ్యి, మిగతాది మేం వేస్తాం" అన్నారు. కొంత అంటే ఎంత? 1,000 ఉన్నా కొంతే, 300 ఉన్నా కొంతే. 700 తీస్తే మ్యాచ్ ఎంత దూరం జరిగిందో వాడికి కనిపించదు, ఎందుకంటే ఎంత తక్కువైనా మీరు వేస్తారుగా. మేడారానికి నడిచి వెళ్లేవాళ్లు కూడా దారి పొడుగునా కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ నడుస్తారు, ఇంకా ఎంత ఉందో తెలియకుండా నడువు నడువు అంటే పెద్దవాళ్లమే చెట్టు కింద కూలబడతాం.

ఆ 700 ఎందుకు వేయొద్దంటున్నానో చెప్తా. ఆ పని నేను చేసి చూశాను. మా వాడు ఏడో తరగతిలో ఉన్నప్పుడు క్రికెట్ షూస్ కోసం మట్టి గల్లగురిగిలో పైసలు వేసేవాడు. వేసిన ప్రతిసారీ లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో పెన్సిలుతో రాసుకునేవాడు, తేదీతో సహా. ఉగాదికి పగలగొడదామనుకున్నాం. ముందు రోజు రాత్రి నేను చూస్తే ఇంకా 200 తక్కువ పడేట్టున్నాయి, పాపం అనిపించి రెండు వంద నోట్లు మడిచి లోపలికి తోసేశా. పొద్దున పగలగొట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి నోట్లన్నీ బండ మీద వరసగా పేర్చి, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని, ఒక్కో లైను మీద వేలు పెట్టి చూస్తున్నాడు ఎక్కడ తప్పు రాశానా అని. నేను వంటింట్లోంచి చూస్తూ నోరు మెదపలేదు. కాసేపటికి వాడే వచ్చి నిలబడ్డాడు. "నువ్వు వేసినవా?" అన్నాడు. అవునన్నా. "మరి నేను దాచిందేందమ్మా?" అన్నాడు. షూస్ కొనుక్కున్నాడు, వేసుకున్నాడు కూడా. కానీ ఆ నోట్‌బుక్ చివరి పేజీ తర్వాత ఎప్పుడూ తెరవలేదు. 200 రూపాయలకు నేను చెడగొట్టింది అది.

అందుకని మీ వాడి 1,100 అలాగే ఉండనీ. తిట్టాల్సినంత తిట్టే ఉంటావు, ఇక చాలు. ఈ ఆదివారం వాడినీ మీ ఆయననూ కూర్చోబెట్టి తెల్లకాగితం మీద అసలు ఖర్చు వేయించు. పెన్ను వాడి చేతిలోనే ఉండాలి.

టికెట్ ధర మ్యాచ్‌ను బట్టి, స్టాండ్‌ను బట్టి మారుతుంది, కాబట్టి లెక్క కోసం 1,000 అనుకోండి. దాని మీద జీఎస్టీ వేయమను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద పన్ను 28 నుంచి 40 శాతానికి పెరిగింది. అంటే వెయ్యి టికెట్‌కు జేబులోంచి పోయేది 1,400. అంతకుముందు 1,280 అయ్యేది. శాతాలు బడిలో చెప్తే తలకెక్కని పిల్లలకు కూడా ఆ 400 చూస్తే బాగా ఎక్కుతుంది, చూడు. ఆన్‌లైన్‌లో కొంటే బుకింగ్ ఛార్జీ కూడా కొంత పడుతుంది, అది రాయడానికి ఒక గడి ఖాళీగా ఉంచండి.

తర్వాత దారి ఖర్చు. ఇక్కడ మనం అదృష్టవంతులం, ఉప్పల్ మన దారిలోనే ఉంది. జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ దాటితే వచ్చేది ఉప్పలే, ఊళ్లోకి పోయి మెట్రో ఎక్కి వెనక్కి రావాల్సిన పనిలేదు. ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్తే నీకూ పాపకూ జీరో టికెట్, 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఛార్జీ లేదు కదా. ఆధార్ కార్డు మర్చిపోవద్దు. వాడికి పదకొండే కాబట్టి సగం టికెట్, మీ ఆయనకు ఫుల్. సూపర్ లగ్జరీ ఎక్కితే నలుగురికీ ఛార్జీ పడుతుంది. ఈ రెండింటి తేడా ఎంతో వాడే బస్టాండుకు వెళ్లి అడిగి రాసుకు రమ్మను, ఫోన్‌లో చూసి మీరు చెప్పేయకండి. ఆ జీరో టికెట్ పైసలు ఎవరు కడతారని అడిగితే ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుందని చెప్పు. "మరి నా టికెట్ మీద తీసుకునే 400 కూడా ప్రభుత్వానికేనా?" అని అడిగాడనుకో, ఆ రోజుకు పాఠం అయిపోయినట్టే, ఐస్‌క్రీం కొనిపెట్టు.

స్టేడియంలోకి నీళ్ల సీసా, తిండి తీసుకెళ్లనివ్వరు. లోపల నీళ్లు కూడా కొనుక్కోవాల్సి రావొచ్చు, బయట ధరకు దొరుకుతుందని ఆశపడొద్దు. అందుకని లోపలి ఖర్చుకు మనిషికి ఒక మొత్తం అనుకోండి, వాడికి 300 అనుకుందాం.

ఇప్పుడు వాడి వాటా తేల్చండి. వాడి టికెట్ 1,400, వాడి తిండి 300, మొత్తం 1,700. అంతే. బస్సు, మీ టికెట్లు, మిగతా అంతా మీది. ఇంటిల్లిపాది ఖర్చులో సగం వేయమని పదకొండేళ్లవాడిని అడగడం అన్యాయం, ఏమీ వేయొద్దనడం ఇంకా అన్యాయం. వాడి చేతిలో 1,100 ఉన్నాయి, కావాల్సింది 600. ఐపీఎల్ మార్చి చివర్లో మొదలవుతుంది, నువ్వు దీపావళి అయ్యాక ఉత్తరం రాశావు కాబట్టి ఇరవై వారాలు ఈజీగా ఉన్నాయి. వారానికి 30. ఆ 700 తీయకపోయి ఉంటే ఈపాటికి మొత్తం అయిపోయి ఇంకో వంద మిగిలేది కూడా. ఈ ముక్క నువ్వు అనకు, కాగితం మీద వాడికే కనిపిస్తుంది, కనిపించాక వాడి మొహం చూడు, అంతే.

వారానికి 30 ఎక్కడినుంచి వస్తాయి? ఇద్దరికీ వారానికి 50 ఇవ్వు, ఏ రోజు ఇస్తావో ప్రతి వారం ఆ రోజే, అడిగితే ఇచ్చేది కాకుండా. వాడు ముప్పై దాచి ఇరవై ఏమైనా చేసుకోవచ్చు. ఆ ఇరవైతో సమోసా తిన్నా, స్టిక్కర్లు కొన్నా, రోడ్డు మీద పారేసుకున్నా నోరు తెరవకు. ఇదే కష్టం, నాకు తెలుసు. మార్కులకు పైసలు, ప్లేటు కడిగితే పైసలు, అది మాత్రం పెట్టకు. ప్లేటు ఎవరిది వాళ్లే కడుక్కోవాలి, దానికి రేటు ఏంటి! కానీ ఇంట్లో పాత పేపర్లు, సీసాలు, డబ్బాలు జమచేసి, మైకు పెట్టుకుని వచ్చే పాత సామాన్ల ఆటోకు అమ్మే పని ఇద్దరికీ అప్పజెప్పు. కిలో ఎంతో ముందు అడగాలి, తూకం ముల్లు చూడాలి, వచ్చింది ఇద్దరూ పంచుకోవాలి. మొదటిసారి మోసపోతారు. పోనీ.

ఇంకోటి, ఆ తాళం గల్లగురిగి పక్కన పెట్టేయ్. తాళంచెవి నీ దగ్గర ఉందంటే లోపలి పైసలు నీవని వాడి లెక్క, వాడివే వాడు పుల్లలతో దొంగిలించుకున్నాడు. ఖాళీ హార్లిక్స్ సీసా ఒకటి ఇవ్వు, బయటికి కనిపించేలా. సీసాకు ఒక కాగితం అతికించి 1,700 వరకు గీతలు గీసుకోమను. తీయాలంటే తీయొచ్చు, కానీ ఎంత తీశాడో, ఎందుకో కాగితం మీద రాయాలి. రాయాల్సి వస్తే చాలాసార్లు తీయబుద్ధి కాదు, పెద్దవాళ్లకు కూడా.

బెట్ మ్యాచ్ సంగతి నేను మిగతా వాటితో కలపలేదు, కావాలనే. సమోసాకు పోయిన పైసలు వేరు, బెట్‌కు పోయిన 400 వేరు. టీముకు ఇంత అని పిల్లలు యాభై యాభై వేసుకుని ఆడటం మన గల్లీల్లో కొత్తేం కాదు, మా తమ్ముళ్లూ ఆడారు. కానీ వీడు ఒకసారి పోగొట్టి, అది రాబట్టుకోవడానికి మళ్లీ తీసి, మళ్లీ పోగొట్టాడు, లేకపోతే ఒక్క మ్యాచ్‌కు 400 పోవు. దాన్ని వాడితో మెల్లగా మాట్లాడించు, ఏ తేదీన ఎంత తీశాడో రాయించు, నాలుగో యాభైకి వచ్చేసరికి వాడికే అర్థమవుతుంది. ఐపీఎల్ సీజన్‌లో ఫోన్లలో ఇదే పెద్దాట. తెలంగాణలో ఆన్‌లైన్ పైసల ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉంది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయినా లింకులు వస్తూనే ఉంటాయి. మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు మ్యాచ్ చూస్తూ సరదాకు బెట్ కాస్తుంటే ముందు అది ఆపించు, పిల్లాడికి చెప్పేది తర్వాత.

ఇక మీ ఆయన. ఆయన మాటలో తప్పు లేదు, పిల్లాడి సంతోషం చూడాలనుకుంటున్నారు. ఆయనకు పని అప్పజెప్పు, టికెట్లు కొనే పని. టికెట్లు పెట్టిన కాసేపటికే అయిపోతాయి, పక్కన పిల్లాడిని కూర్చోబెట్టుకుని కొనాలి. ముందే ఒక గరిష్ఠ ధర అనుకోవాలి, ఆ స్టాండ్ అయిపోయి పక్క స్టాండ్ డబుల్ ఉంటే ఆ రోజు కొనకూడదు, ఇంకో మ్యాచ్‌కు చూడాలి. ఆ టైంలో టెన్షన్‌లో "పోనీ లే, ఇంకో రెండు వేలు" అనేది పెద్దవాళ్లే, ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచు. వాడి 1,400 ఆ క్షణంలో ఆయన చేతికి లెక్కపెట్టి ఇవ్వాలి, చిల్లర సహా. ఇస్తుంటే ఆయనకు తీసుకోబుద్ధి కాదు. తీసుకోమను. టికెట్ దొరకలేదని వాట్సాప్‌లో ఎవరో అమ్ముతామంటే ఆ ఫొటో టికెట్లు ముట్టుకోవద్దు. అప్పుడే వాడికి ఇంకో సంగతి కూడా చెప్పించు: మనకు పైసలు రావాలంటే యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, పిన్ అడిగారంటే మన పైసలు పోతున్నట్టే. ఇది తెలియని పెద్దవాళ్లు నాకు వారానికొకరు తగులుతారు.

పాప గురించి నువ్వు ఒక్క లైనే రాశావు, నాకు దాని గురించే ఎక్కువ ఆలోచన వస్తోంది. రూపాయి ఖర్చు పెట్టదని మురిసిపోతున్నావేమో. దాచడం వచ్చు, ఖర్చు పెట్టడం ఇంకా రాలేదు, అది కూడా నేర్చుకోవాలి. మ్యాచ్ వద్దంటే బలవంతంగా తీసుకెళ్లకు, నువ్వూ పాపా ఆగిపోతే రెండు టికెట్లు, 2,800 మిగులుతాయి, అందులో దాని వాటా దానికి నచ్చిన వేరే దానికి వాడొచ్చని చెప్పు. అన్నకు క్రికెట్ ఇష్టం కాబట్టి ఇంటి పైసలన్నీ క్రికెట్‌కే పోతాయని ఆడపిల్లకు ఇంత చిన్నప్పుడే అర్థం కాకూడదు. దానికి ఏది ఇష్టమో తెలియకపోతే ఒక సాయంత్రం హన్మకొండలో జేఎన్ఎస్, అదే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వైపు తీసుకెళ్లు, 2021లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది అక్కడే. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చిందని చెప్పు. ఆటలంటే టీవీలో క్రికెట్ ఒక్కటే కాదని తెలిస్తే మనసు మారొచ్చు, మారకపోయినా నష్టం లేదు.

పాప దాచినవాటితో పోస్టాఫీసులో సేవింగ్స్ ఖాతా తెరువు. 500 ఉంటే చాలు, వడ్డీ ఏడాదికి 4 శాతం, అంటే 500కు ఇరవై రూపాయలు. అది విని పక్కున నవ్వుతుంది, నవ్వనీ. పాపకు తొమ్మిదే కాబట్టి సంతకం నువ్వు పెట్టాలి. బాబుకు పదేళ్లు దాటాయి కాబట్టి వాడి పేరు మీద వాడే సంతకం పెట్టి నడుపుకోవచ్చు, బ్యాంకుల్లో కూడా పదేళ్లు దాటినవాళ్లకు సొంతంగా ఖాతా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు 2025లో చెప్పింది. మ్యాచ్ పైసలు మాత్రం ఖాతాలో వేయకండి, సీసాలోనే ఉండనీ, కళ్లముందు.

మ్యాచ్ అయ్యాక ఎండాకాలం సెలవుల్లో ఇంకో ఆట ఆడించు, మన వరంగల్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేని ఆట. నలుగురూ కలిసి నాలుగు వారాల చిట్టీ వేయండి, వారానికి 50, మొత్తం 200. మొదటి వారం బాబే పాడతాడు, రాసిస్తా. 180కి పాడాడనుకో, అంటే ముందే ఇస్తే 200 బదులు 180 చాలన్నాడు, వదిలిన 20 నలుగురికీ అయిదు చొప్పున, అంటే ఆ వారం అందరూ 45 కడితే చాలు. రెండో వారం మీ ఆయన 192కు తీసుకున్నారు, అందరూ 48 కట్టారు. మిగతా రెండు వారాలు ఎవరూ వదలలేదు, పూర్తి 50. చివరికి ఒక్కొక్కరు కట్టింది 193. బాబుకు వచ్చింది 180, చివరి దాకా ఆగిన పాపకు 200. పదమూడు రూపాయలు ఎక్కడికి పోయాయో వాడు వెతుక్కుంటాడు. పాప తన ఏడు రూపాయలు ఎవరి దగ్గరినుంచి వచ్చాయో కనిపెట్టిందంటే ఇక ఇంట్లో ఎవరికీ అప్పు పుట్టదు. మన ఊళ్లో చిట్టీలు కట్టి, పాడుకున్నాక పైసలు రాక ఆఫీసుల చుట్టూ తిరిగిన ఇళ్లు ఎన్నో నీకూ తెలుసు, నాకూ ఒకటి తగిలింది, ఆ కథ ఇప్పుడొద్దు. మధ్యలో ఒక వారం "ఈసారి నేను కట్టను" అని మీ ఆయనతో అనిపించి చూడు, మిగతా ముగ్గురి పరిస్థితి ఏంటో పిల్లలకు బాగా తెలుస్తుంది.

ఒకవేళ మార్చికి వాడి సీసాలో 1,700 కాకుండా 1,450 ఉంటే? టికెట్ కొనుక్కుని లోపల యాభై రూపాయలతో సరిపెట్టుకుంటాడు. 1,300 ఉంటే? తక్కువ ధర స్టాండ్ చూసుకుంటాడు, లేదా ఏప్రిల్ చివరి మ్యాచ్ దాకా ఆగుతాడు, ఐపీఎల్ మే దాకా ఉంటుంది కదా. మధ్యలో మీరెవ్వరూ వంద నోటు మడిచి సీసాలో వేయొద్దు. అప్పు అడిగితే ఇవ్వొచ్చు, కాగితం మీద రాసుకుని, వారానికి ఇంత అని తిరిగి తీసుకోవాలి. ఇరవై ఇచ్చి మర్చిపోయే అప్పు అప్పే కాదు, అది కానుక, కానుక అయితే కానుక అనే చెప్పి ఇవ్వండి.

షెడ్యూల్ రాగానే శని, ఆదివారాల్లో మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ ఉప్పల్‌లో ఉందేమో చూసుకోండి. రాత్రి ఏడున్నర మ్యాచ్ అయితే అయ్యేసరికి పదకొండు దాటుతుంది, ఆ గుంపులో బయటపడి బస్సు పట్టుకునేసరికి పిల్లలు నిలబడే నిద్రపోతారు, లేదా లాడ్జి ఖర్చు కాగితంలో కొత్త గడి అవుతుంది. మధ్యాహ్నం మ్యాచ్ అయితే ఏడున్నర, ఎనిమిదికి బయటపడి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సెక్కితే ఆ రాత్రికే ఇల్లు చేరతారు. ఎండ మాత్రం మామూలుగా ఉండదు. టోపీలు పెట్టుకోండి, నీళ్ల సీసా గేటు దగ్గర తీసేసుకుంటారు కాబట్టి ఘట్‌కేసర్ దాటగానే బస్సులోనే అందరికీ కడుపునిండా తాగించు, అక్కడే ఒక నలభై రూపాయలు మిగులుతాయి. వాడి మూడు వందల్లోంచి.